సమస్య: గీసినట్టి కాకి కూసె నపుడు

కందుకూరు టీచర్: మా ఏడో తరగతి పిల్లాడు తెలుగు నోట్సు ఆఖరి పేజీలో ఒక కాకిని గీశాడు. మొత్తం ఐదారు గీతలు, ఒక కన్ను, కాళ్లు ఒకటి పొట్టి ఒకటి పొడుగు, పొట్టంతా పెన్నుతో రుద్ది రుద్ది ఇంకు పేజీ అవతలికి కూడా దిగింది. చూస్తా ఉంటే ఈ పాదం వచ్చింది, దీన్నే ఆఖరి పాదంగా పెట్టి మీరంతా ఆటవెలది పూరించండి. ప్రాసయతి వేశా, అంటే మొదటి అక్షరాల బదులు గీసి, కూసెల్లో రెండో అక్షరం "స" కలిసింది, యతి తప్పిందని ఎవరూ మొదలుపెట్టొద్దు.

ఒంగోలు మేస్టారు:
ఒంటి కన్ను పెట్టి యొప్పుగా నోట్సులో
బాలుపెన్నుతోడ బాలుఁ డొక్కఁడు
చుట్ట మెవరొ వచ్చి చూరంట నిలువఁగా
గీసినట్టి కాకి కూసె నపుడు

కావలి అక్క: మేస్టారూ, బాలుపెన్ను పక్కన బాలుడు బలే పడ్డాడు, ఆ ముక్కకి దండం. కానీ రెండో పాదం చివర "డొక్కఁడు" అని భగణం (ఒక గురువు, రెండు లఘువులు) దూరింది, అక్కడ అది పడదు చూసుకోండి, కవత్తు తీసేసి "డొకఁడు" అంటే సరిపోద్ది. ఇంకోటి, కాకి అరిస్తే చుట్టాలొస్తారు గానీ చుట్టం వచ్చి చూరు కింద నిలబడ్డాక అరవడమేంది? ఇదిగో నాది.

కోడి యనుచు నవ్వె గురువర్యు డా బొమ్మ
చూచి; పిల్లవాడు చూపు దించె;
కాదు కాదు కోడి, "కా కా" యటంచును
గీసినట్టి కాకి కూసె నపుడు

ఒంగోలు మేస్టారు: వత్తు తీసేశా, తప్పు నాదే. చుట్టం సంగతి మాత్రం ఒప్పుకోను, బొమ్మ కాకి కాబట్టే చుట్టాన్ని చూశాక అరిచింది. "కాదు"లో ఉన్న "కా"ని కాకి నోట్లో పెట్టడం నాకు తట్టలేదమ్మా, అది నిజంగా బాగుంది. అయితే నెల్లూరు రొట్టెల పండగ సమస్యప్పుడు "స్వర్ణాల చెరువు" అని ఎత్తుకుని "వచ్చె" అని యతి వేశారే, అది మాత్రం నాకింకా గుచ్చుకుంటానే ఉంది.

వెంకటగిరి తమ్ముడు: అది సంయుక్తయతి మేస్టారూ, జంటక్షరంలో ఏ హల్లుతోనైనా యతి వేయొచ్చు, స్వలో వకారం ఉంది గదా, చెల్లుద్ది. అప్పుడే చెప్పినా మీరు వినలా. అయినా బొమ్మ గురించి ఎవరూ మాట్లాడరేంది? మా ఊరి జాందానీ చీరల్లో నెమళ్లు, చిలకలు నేస్తారు, కాకిని మాత్రం నేనెప్పుడూ చూడలా, అట్టాంటిది పిల్లాడు కాకినే ఎంచుకున్నాడు. ఆ పొట్టి కాలు వల్లే ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరేట్టుంది. కన్ను ఒకటే పెట్టడం కూడా తప్పు కాదు, రాముడు గడ్డిపోచ వేస్తే కాకాసురుడి కన్ను పోయింది గదా, అది గుర్తుపెట్టుకునే గీసుంటాడు.

కావలి అక్క: కాకాసురుడి దాకా ఎందుకు తమ్ముడూ, తోలుబొమ్మలు చూడలా? పక్కకి తిరిగిన మొహానికి ఒక కన్నే కనపడేది. మేస్టారు "ఒంటి కన్ను" అని ఎత్తుకోవడం నాకందుకే నచ్చింది. భగణం భగణమే అనుకోండి.

కందుకూరు టీచర్: పొద్దున వాణ్ణే అడిగా, రెండో కన్నేదిరా అని. పేజీ తిప్పి చూపించాడు. ఇంకు అవతలికి దిగిన చోట, తల దగ్గర, చిన్న చుక్క పెట్టున్నాడు.