స్విఫ్ట్ కిందికి దించి 17 ఇంచుల అలాయ్స్ వేయిద్దామని ఉంది, స్ప్రింగ్ కోయించొచ్చా?

గుంటూరు స్విఫ్ట్
అందరికీ నమస్తే. నాది 2021 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోల్. కంపెనీతో వచ్చిన 165/80 ఆర్14 టైర్లు (165 మి.మీ. వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 14 ఇంచులు), ఇనప రిమ్ములు, వాటి మీద ప్లాస్టిక్ క్యాపులు. కారుకి వంక పెట్టడానికేం లేదు గానీ పక్కనుంచి చూస్తే టైరుకీ ఫెండర్‌కీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ కనిపిస్తుంది, అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. 205/45 ఆర్17 వేసి, బండి ఒక రెండించులు దించితే ఎలా ఉంటుంది? మా ఊళ్ళో ఒక గ్యారేజ్ అతను కొత్త స్ప్రింగులు దండగ, ఉన్నవాటినే చుట్టున్నర కోసేస్తే చాలు, పూటలో పని అయిపోతుంది అంటున్నాడు. రోజూ ఆఫీసుకి నేనొక్కణ్ణే, నెలకోసారి అమ్మానాన్నల్ని తీసుకుని బాపట్ల వైపు ఊరికి వెళ్తాం. చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

స్పానర్ బాబాయ్
తమ్ముడూ, స్ప్రింగ్ మాత్రం కోయించకు. ఎవరో భయపెట్టారని కాదు, లెక్క చూడు. స్ప్రింగులో పనిచేసే చుట్లు ఆరు ఉన్నాయనుకో, చుట్టున్నర తీసేస్తే నాలుగున్నర మిగులుతాయి, అంటే గట్టిదనం మూడో వంతు పెరిగిపోతుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే, ఆ గట్టి స్ప్రింగుని అది పట్టి ఉంచలేదు, బండి ఊగుతూనే ఉంటుంది. పైగా బండి కిందికొచ్చింది కాబట్టి షాక్ రాడ్ కిందికి దిగడానికి మిగిలే జాగా తక్కువ, చిన్న గుంతకే బంప్ స్టాప్ (షాక్ చివరిదాకా అణగకుండా ఆపే ముక్క) మీద ధన్‌మని కొడుతుంది. రేపో మాపో షాక్ ఆయిల్ కక్కుతుంది.

అసలు ప్రమాదం ఇంకోటి. కోసిన స్ప్రింగ్ పొట్టిది. స్పీడ్ బ్రేకర్ మీంచి కాస్త స్పీడుగా దిగినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది కదా, అప్పుడు స్ప్రింగ్ వదులై సీటులోంచి పక్కకి జరుగుతుంది. కోసిన మొన సీటులో సరిగ్గా కూర్చోదు కూడా. నీకు అనుమానంగా ఉంటే కోయించిన బండి ఏదైనా జాకీ మీద ఎత్తించి ఆ స్ప్రింగ్ చేత్తో తిప్పి చూడు, గిరగిరా తిరుగుతుంది.

దించి తీరాల్సిందే అంటే ఆ మోడల్‌కే తయారుచేసిన లోయరింగ్ స్ప్రింగులు దొరుకుతాయి, 30-35 మిల్లీమీటర్లు దించేవి. అంతకు మించితే షాకులు కూడా మార్చాలి, లేదా కాయిలోవర్లకి (స్ప్రింగూ షాకూ కలిసి ఒకే సెట్టుగా వచ్చేవి) పోవాలి, దానికి డబ్బు సంగతి వేరు. ఏది వేసినా వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించు. ముందు వైపు స్ప్రింగూ షాకూ ఒకే కాలులా ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ కాబట్టి దించితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టో (చక్రాలు ఎంత నేరుగా ముందుకి చూస్తున్నాయో ఆ కోణం) కూడా మారుతుంది, పట్టించుకోకపోతే టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోతుంది, బయటికి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది. వెనక రెండు చక్రాల్నీ కలిపే టార్షన్ బీమ్, అక్కడ మామూలుగా సర్దడానికేం ఉండదు. హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూపించు.

ఆఫ్‌సెట్ పిచ్చి
బాబాయ్ స్ప్రింగ్ సంగతి చెప్పేశారు కాబట్టి నేను చక్రాల గురించే రాస్తా. టైరు మొత్తం ఎత్తు ముందు లెక్కేసుకోండి. మీ 165/80 ఆర్14 దాదాపు 620 మి.మీ. టాప్ మోడల్‌కి వచ్చే 185/65 ఆర్15 అయితే 621.5. 195/55 ఆర్16 అయితే 621. మీరడిగిన 205/45 ఆర్17 అయితే 616, అదీ పెద్ద తేడా కాదు, స్పీడోమీటర్ ఏమీ గందరగోళపడదు. తేడా అంతా సైడ్‌వాల్‌లో, అంటే టైరు పక్క గోడలో ఉంది. ఇప్పుడు మీ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 132 మి.మీ. రబ్బరు ఉంది, 17కి వెళ్తే 92. వాన పడ్డాక నీళ్ళలో కనపడని గుంతలో దిగితే దెబ్బ నేరుగా రిమ్ముకే. బెండ్ తీయించొచ్చు అంటారు గానీ పగులు వచ్చిన అలాయ్‌ని వెల్డింగ్ చేయించి నడపడం నాకైతే నచ్చదు.

రెండోది ఆఫ్‌సెట్, అంటే రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కి బిగించే ముఖం ఎన్ని మి.మీ. దూరంలో ఉందో ఆ లెక్క. దీన్ని షాపుల్లో ఎవరూ చెప్పరు, మనం అడిగితే "సరిపోద్ది అన్నా" అంటారు. ఉదాహరణకి పాత రిమ్ 5.5 ఇంచుల వెడల్పు, ఆఫ్‌సెట్ 45 అనుకోండి. కొత్తది 7 ఇంచులు, ఆఫ్‌సెట్ 38. అప్పుడు చక్రం బయటి అంచు 26 మి.మీ. బయటికి, లోపలి అంచు 12 మి.మీ. లోపలికి వస్తాయి. ఒక్కడే ఉన్నప్పుడు ఏమీ అనిపించదు, వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా పడితే ఫెండర్ అంచు టైరుని గీరడం మొదలవుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీస్తుంటే ముందు చక్రం గూడు లోపలి లైనర్ దగ్గర గర్ర్‌మని వినిపిస్తే అదే. బిగించే ముందే స్టీరింగ్ చివరిదాకా తిప్పించి రెండు వైపులా చూసుకోండి.

బోల్టులు 4x100 (100 మి.మీ. వలయం మీద నాలుగు), మధ్య రంధ్రం 54.1 మి.మీ. బయట దొరికే అలాయ్స్‌లో రంధ్రం పెద్దదిగా ఉంటే ఆ ఖాళీ పూడ్చే హబ్ రింగులు అడిగి వేయించుకోండి, లేకపోతే బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా హైవే మీద స్టీరింగ్ వణకొచ్చు. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కూడా చూడండి. 185/65 ఆర్15కి సాధారణంగా 88 ఉంటుంది, అంటే టైరుకి 560 కిలోలు. 205/45 ఆర్17లో 84 ఉన్నవి దొరుకుతాయి, అవి 500 కిలోలే.

స్టుట్‌గార్ట్ తెలుగోడు
ఇక్కడ జర్మనీలో ఊరికే స్ప్రింగ్ మార్చినా దాని సర్టిఫికెట్ పట్టుకెళ్ళి టీయూవీ లాంటి తనిఖీ సంస్థ వాళ్ళకి బండి చూపించి, అవసరమైతే బండి కాగితాల్లో ఎక్కించాలి. తలనొప్పే, కానీ ఏ బండికి ఏ చక్రం పడుతుందో కాగితం మీద ఉంటుంది, షాపువాడి నోటిమాట మీద ఆధారపడక్కర్లేదు. మనదగ్గర బండి మార్పుల మీద చట్టంలో సెక్షన్ 52 ఉంది కదా, దాని సంగతేంటి?

స్పానర్ బాబాయ్
ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోది. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా మార్చితే క్లెయిమ్ అప్పుడు పేచీ పెట్టడానికి అదొక సాకు. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు అయితే నీకు టెన్షన్ తక్కువ.

ఇంకో మాట. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 అంటారు. రెండించులు దించితే 112 మిగులుతుంది, నలుగురెక్కితే ఇంకా తగ్గుతుంది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మీ ఊరి దారిలో అలా కట్టింది ఒక్కటైనా ఉందా? ఊరివాళ్ళు సిమెంటుతో పోసినవి ఉంటాయి, వాటి మీద ఇంజిన్ కింది ఆయిల్ ఛాంబర్ రాసుకుంటే బండి నడిరోడ్డు మీదే.

గుంటూరు స్విఫ్ట్
అందరికీ థ్యాంక్స్. స్ప్రింగ్ కోయించడం క్యాన్సిల్. నాన్నకి నడుం నొప్పి ఉంది, 17 కూడా వద్దులెండి. టాప్ మోడల్ 15 ఇంచుల అలాయ్ సెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, దానికే 185/65 వేయిస్తా, స్ప్రింగ్ సంగతి తర్వాత చూద్దాం. స్టెప్నీ పాత 14దే ఉంచొచ్చా?

ఆఫ్‌సెట్ పిచ్చి
ఉంచండి, ఎత్తులో 2 మి.మీ. తేడానే, పంక్చర్ షాపు దాకా నిదానంగా పోవడానికి చాలు. రిమ్ములు కొనేముందు బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించి లోపలి అంచు చూడండి, సెకండ్ హ్యాండ్‌వి బయటికి పెయింట్ కొట్టి మెరిపిస్తారు, వంకర లోపలే ఉంటుంది. అలాయ్స్‌తో వేరే నట్లు ఇస్తే మీ పాత నట్లు పారేయకుండా డిక్కీలో స్టెప్నీ కింద పడేయండి, ఇనప రిమ్ముకి అవే కావాలి. బిగించాక ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ టైట్ చేయించండి.