గుంటూరు దగ్గర ప్రశాంతంగా నడవడానికి మంచి అడవి దారి ఏదండీ?

ప్రశ్న: మాది బ్రాడీపేట. నాన్నగారికి అరవై దాటినా నడక మానలేదు. చెట్లు, నీళ్ళు ఉన్న చోట, రద్దీ లేకుండా ఒక పూట తిప్పాలని ఉంది. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?

జవాబు: తప్పకుండా కొండవీడు. ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి మీ నాన్నగారు అలసిపోతారన్న టెన్షన్ లేదు. నా మాట వింటే మాత్రం కాలినడకనే ఎక్కండి. రెడ్డిరాజుల కోట గోడల పక్కన ఆగి ఆగి వెళ్తుంటే కింద పొలాలన్నీ కనిపిస్తాయి. పైన ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ళ చెరువులు మూడూ చూడండి. నాకు ఆ గట్ల మీద కూర్చోవడమే ఇష్టం. వానలు వెనకబట్టాక, నవంబరులో వెళ్తే గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. వేసవిలో వద్దు, బండలు పెనంలా కాలతాయి.

మరో జవాబు: విజయవాడ వైపు వస్తే మూలపాడు అడవి కూడా బాగుంటుంది. సీతాకోకచిలుకల పార్కు అక్కడే. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్లు ఈ కొండల్లోవే.

ప్రశ్న అడిగినవారు: కొండవీడు దారిలో తాగునీళ్ళు దొరుకుతాయా?

జవాబు: దొరుకుతాయని నమ్ముకోకండి. మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్ళండి, ఖాళీ సీసాలు మాత్రం అక్కడ పడేయకండి దయచేసి.