సమస్యాపూరణం: కలలె యెనిమిది మార్చెను గగన గతిని

ఈ వారం సమస్య తేటగీతిలో నాలుగో పాదం. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త యొహానెస్ కెప్లర్ (1571–1630) జీవితాన్ని తీసుకుని పూరించండి.

మొదటి పూరణ, లెక్కల మాస్టారు:

కుజుని దారి వృత్తమనుచు గూర్చి చూడ
వెరవు గలిగిన కెప్లరు వేధ నమ్మె
తనదు గణితంపు చిత్రమే తప్పటంచు;
కలలె యెనిమిది మార్చెను గగన గతిని.

వివరణ: ఇక్కడ కల అంటే స్వప్నం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. వేధ అంటే ఆకాశాన్ని చూసి కొలవడం. కుజుడి కక్ష్యను వృత్తం అనుకుని లెక్క కడితే డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ పరిశీలనలతో ఎనిమిది కలల తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు, అంతే! టెలిస్కోపు లేని కాలంలో అంత తేడాని ఎవరైనా సర్దేసుకునేవారు. టైకో అంత పొరపాటు చేయడని కెప్లర్ నమ్మాడు. రెండు వేల ఏళ్లుగా అందరూ పట్టుకున్న వృత్తాన్నే వదిలేశాడు. దాని బదులు ఆయన పెట్టిన దీర్ఘవృత్తం 1609లో అచ్చయింది.

నిర్వాహకుడు: మాస్టారూ, విరుపు అద్భుతం. కానీ ‘వెరవు గలిగిన’ పాదం నింపడానికి వచ్చింది, పైగా వేధ ఎవరిదో తెలియడం లేదు. ‘వినుము! కెప్లరు టైకొదౌ వేధ నమ్మె’ అంటే యతి చెడదు, ఇద్దరూ ఒకే పాదంలో ఉంటారు.

ఒక సభ్యురాలు: ‘కళ’ అనాలి కదండీ?

మాస్టారు: సంస్కృతంలో ‘కలా’ అమ్మా. తెలుగులో రెండూ రాస్తాం. నిర్వాహకుల సవరణ తీసుకుంటున్నాను.

రెండో పూరణ, పై సభ్యురాలే:

ఐదు ఘనముల నమరించి యంతరముల
మూడు సూత్రాలు పిమ్మట ముడిని విప్పె
కెప్లరెదలోన బండిన గెలుపు లివియె;
కలలె యెనిమిది మార్చెను గగన గతిని.

నేను కలని కలగానే తీసుకున్నాను. గ్రహాల మధ్య దూరాలకి కెప్లర్ అమర్చిన ఐదు ఘనాలు (ముఖాలన్నీ ఒకేలా ఉండే ఘనరూపాలు), గ్రహాల నడకకి ఆయన చెప్పిన మూడు నియమాలు, మొత్తం ఎనిమిది.

నిర్వాహకుడు: సూత్రం, ముడి బాగా కలిశాయి. అయితే గ్రహాల మధ్య ఐదు ఘనాలు ఇమిడి ఉన్నాయని 1596 నాటి పుస్తకంలో ఆయన చేసిన ఊహ తప్పని తేలింది. అది గెలుపు ఎలా అవుతుంది?

సభ్యురాలు: ఆ పుస్తకం చూశాకే కదండీ టైకో ఆయన ప్రతిభ గుర్తించింది! 1600లో ప్రాగ్ దగ్గర టైకో చెంతకు వెళ్లకపోతే కుజుడి లెక్కే లేదు. కానీ మీ మాట నిజం. ‘గెలుపు లివియె’ తీసేసి ‘గింజ లివియె’ అంటాను. ఐదు తాలు, మూడు గట్టివి.

నిర్వాహకుడు: ఇప్పుడు పద్యం నిలబడింది.

ఇంకొక సభ్యుడు: నేను ఆయన తల్లి కాథరీనా మీద రాద్దామని కూర్చున్నాను. మంత్రగత్తె అని ముద్ర వేసి, డెబ్బై దాటిన మనిషిని 14 నెలలు సంకెళ్లలో ఉంచారు. కొడుకు పనులన్నీ ఆపుకుని ఆస్ట్రియాలోని లింజ్ నుంచి వెళ్లి ఆమె తరఫున వాదన రాశాడు. 1621లో వదిలారు, మరుసటి ఏడే ఆమె పోయింది. రాత్రంతా ప్రయత్నిస్తే ఒక్క పాదమే వచ్చింది, అదీ సమస్యకి అతకలేదు:

చుక్కలను వీడి తల్లికై సుతుడు నిలిచె

నిర్వాహకుడు: వచ్చే వారం సమస్య ఇదే.