ఎంజీఏ 1500 ఇంజన్: 010 సైజు బిగ్ ఎండ్ షెల్స్ దొరకడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 1957 నాటి ఎంజీఏ 1500 (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇంజన్ విప్పాను. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోయేది, రేస్ ఇస్తే కింద నుంచి టకటక శబ్దం. విప్పి చూస్తే బిగ్ ఎండ్ షెల్స్ (కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండే అరవంపు బేరింగులు) మీద బూడిద రంగు పూత అరిగి రాగి రంగు బయటపడింది. షెల్స్ వీపు మీద 010 అని ముద్ర ఉంది. ఎంత వెతికినా ఎస్‌టీడీ (స్టాండర్డ్, అంటే అసలు సైజు) సెట్లే దొరుకుతున్నాయి. అవే వేసి, వదులుంటే వెనక పల్చటి రేకు పెట్టి బిగిద్దామని మా మెకానిక్ అంటున్నాడు. నడుస్తుందా?

జవాబు:
రేకు మాట మరిచిపోండి. షెల్ వీపు కనెక్టింగ్ రాడ్‌కి పూర్తిగా అతుక్కుని ఉంటేనే దాని వేడి రాడ్‌లోకి పోతుంది. మధ్యలో రేకు ఉంటే ఆ దారి చెడుతుంది, షెల్ కదలడం మొదలవుతుంది. పైగా షెల్ మీద 010 అని ఉందంటే, క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) ఎవరో ఇదివరకే 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) గ్రైండ్ చేశారు. దాన్ని పూడ్చడానికి ఆ షెల్ ఒక్కోటి 5 థౌ మందం ఎక్కువ ఉంటుంది. ఎస్‌టీడీ వేస్తే మామూలు సందు మీద ఇంకో 10 థౌ కలుస్తుంది. ఆయిల్ అంతా పక్కల నుంచి కారిపోతుంది, ప్రెషర్ నిలవదు.

షెల్స్ వెతకడం కాసేపు ఆపి ముందు క్రాంక్ కొలవండి. ముద్రని నమ్మి ఆర్డర్ పెట్టొద్దు. ఒక్కో క్రాంక్‌పిన్‌నీ (క్రాంక్ మీద రాడ్ పట్టుకునే భాగాన్ని) మైక్రోమీటర్‌తో రెండు చివర్లా, ప్రతి చోటా 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. ఈ ఇంజన్‌లో ఎస్‌టీడీ క్రాంక్‌పిన్ 1.8759 నుంచి 1.8764 అంగుళాలు. అంకెలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.

ప్రశ్న అడిగినవారు:
కొలిచానండీ. మూడు పిన్నులు 1.8661 దగ్గర ఉన్నాయి, గుండ్రంగానే ఉన్నాయి. నాలుగోది మాత్రం ఒకవైపు 1.8640, అడ్డంగా తిప్పితే 1.8622. మెయిన్ జర్నల్స్ (క్రాంక్ ఇంజన్ బ్లాక్‌లో ఆనుకుని తిరిగే భాగాలు) మూడూ 1.990 దగ్గర, తేడా పెద్దగా లేదు.

జవాబు:
అయితే 010 సెట్ దొరికినా మీకు పనికిరాదు. నాలుగో పిన్ దాదాపు 2 థౌ కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లిపోయింది, దాని మీద ఏ కొత్త షెల్ వేసినా కొన్నాళ్లకే పోతుంది. పిన్నులు నాలుగూ 020కి (అసలు సైజు కన్నా 20 థౌ తక్కువకి) గ్రైండ్ చేయించాలి, అంటే 1.8559–1.8564. మీ 1.8622లో దానికి కావలసినంత లోహం ఉంది. మెయిన్లు బాగున్నాయి కాబట్టి పాలిష్ చేయించి 010 మెయిన్ షెల్సే వేసుకోవచ్చు, వాటికి బిగ్ ఎండ్ సైజుతో సంబంధం లేదు.

కానీ వరస తప్పొద్దు. 020 సెట్ చేతికొచ్చాకే క్రాంక్ గ్రైండింగ్‌కి ఇవ్వండి. ముందే గ్రైండ్ చేయించి, ఆ సైజు దొరక్క క్రాంక్‌ని మూలన పడేసినవాళ్లు చాలామంది. 020 లేక 030 మాత్రమే దొరికితే 030కే గ్రైండ్ చేయిస్తారు, అంతే. పిన్ అంచుల్లో వంపు (ఫిల్లెట్) ఉన్నది ఉన్నట్టే ఉంచమని గ్రైండర్‌కి గట్టిగా చెప్పండి. అక్కడ చదును మూల తీస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది.

ఇక వెతకడం. కారు పేరుతో కాదు, ఇంజన్ పేరుతో వెతకండి. మీది బీఎంసీ బీ-సిరీస్, 1489 సీసీ. ఇదే ఇంజన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఆస్టిన్ కేంబ్రిడ్జ్, ఎంజీ మాగ్నెట్‌లలో ఉంది, మన అంబాసిడర్‌లోనూ ఉంది. ఎంజీఏ అని అడిగితే లేదన్నవాళ్ల దగ్గరే ఇంకో పేరు మీద అదే పెట్టె ఉండొచ్చు. పాత బేరింగ్ కేటలాగుల్లో షాఫ్ట్ సైజు, హౌసింగ్ సైజు, వెడల్పు ఇస్తారు, వాటితో పోల్చుకుంటే పేరు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: అదే కుటుంబంలోని 1798 సీసీ ఎంజీబీలో క్రాంక్‌పిన్ సైజు ఇదే, మెయిన్లు మాత్రం 2.126 అంగుళాలకి దగ్గరగా, మీకంటే లావు. కాబట్టి ‘బీ-సిరీస్ అన్నీ ఒకటే’ అనేవాళ్ల మాట మీద మెయిన్ షెల్స్ కొనకండి. బిగ్ ఎండ్ షెల్స్‌కైనా వెడల్పు కొలిచే కొనండి.

మరొకరు:
మధ్యలో వస్తున్నాను, నాది 1930 ఫోర్డ్ మోడల్ ఏ. ఇందులో షెల్సే లేవు. మరి నేనేం కొనాలి?

జవాబు:
కొనేదేమీ లేదండీ, పోయించుకోవాలి. అందులో రాడ్‌లోనే వైట్ మెటల్ (బాబిట్) కరిగించి పోసి, తర్వాత లోపల బోర్ చేస్తారు. అందులో ఎక్కువ భాగం తగరమే, కొంచెం ఆంటిమొని, రాగి ఉంటాయి. ఆ పని తెలిసినవాళ్లని వెతకండి. అలాంటి ఇంజన్లలో రాడ్‌కీ, దాని కింద బోల్టులతో బిగించే క్యాప్‌కీ మధ్య పల్చటి రేకులు ఉంటాయి, అరిగేకొద్దీ ఒక్కోటీ తీసి బిగించడానికి. పై మెకానిక్‌గారి రేకు ఆలోచన బహుశా అక్కడి నుంచే వచ్చింది. అక్కడ రేకు ఉండేది క్యాప్ అతుకులో, షెల్ వీపు మీద కాదు.

ప్రశ్న అడిగినవారు:
020 సెట్ ఒకటి కనిపించింది, చాలా పాత స్టాక్, మైనం కాగితంలో ఉంది. తీసుకోవచ్చా?

జవాబు:
కాగితం విప్పి ఫొటోలు పంపమనండి. లోపలి పూత ఒకే రంగులో నున్నగా ఉండాలి. మచ్చలు, తెల్ల పొడి ఉంటే వద్దు. వీపు మీద తుప్పు గుంటలున్నా వద్దు. బాగుంటే కొత్తవాటికి ఏ మాత్రం తీసిపోవు.

బిగించేటప్పుడు షెల్ చివర్లు క్యాప్ అతుకు కన్నా వెంట్రుకవాసి పైకి ఉంటాయి. బిగించినప్పుడు నొక్కుకుని పట్టడానికే అలా చేస్తారు, ఆకురాయి పెట్టి అరగదీయకండి. క్యాప్ బిగించి ప్లాస్టిగేజ్‌తో (ఎంత నలిగిందో చూసి సందు తెలుసుకునే ప్లాస్టిక్ దారంతో) సందు చూడండి. పిన్ వ్యాసం అంగుళానికి ఒక థౌ చొప్పున లెక్కేస్తే మీకు 2 థౌ లోపు రావాలి.

వీటన్నిటికంటే ముందు క్రాంక్ లోపలి ఆయిల్ దారులు కడగాలి. గ్రైండింగ్ పొడి, పాత షెల్స్ ముక్కలు అందులోనే దాక్కుంటాయి. ఆ దారులకి ప్లగ్‌లు ఉంటే తీయించి, సన్నటి బ్రష్ దూర్చి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టండి. అంతా బిగించాక, స్పార్క్ ప్లగ్‌లు తీసేసి, గేజ్‌లో ప్రెషర్ కనబడేదాకా స్టార్టర్ మీద తిప్పి, ఆ తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేయండి.