సమస్యాపూరణం: విషము విషము గలసి విందు సేసె

రసాయన బంధాన్నీ, సంయోగ పదార్థాల పేర్లనూ విషయంగా తీసుకొని ఈ ఆటవెలది పాదాన్ని పూరించమని కోరాము. వచ్చిన వాటిలో మూడింటిని పరిశీలిస్తున్నాను.

మొదటి పూరణ:

సోడియమ్ము తనదు చుట్టున దిరిగెడి
ఋణకణంబు నొకటి యిచ్చివేయ
క్లోరినద్ది గొనియెఁ గోరి, యుప్పుగ మారె
విషము విషము గలసి విందు సేసె

పరిశీలన: అమ్మా, మీ పూరణ మనోజ్ఞంగా ఉంది. తడి తగిలితే భగ్గుమనే లోహాన్నీ, 1915లో బెల్జియంలోని ఈప్ర్ యుద్ధభూమిలో సైనికుల ప్రాణాలు తీసిన వాయువునూ ఒక్క ఎలక్ట్రానుతో కలిపారు. అయితే సోడియం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు మూడు కక్ష్యలలో 2, 8, 1 చొప్పున పదకొండు ఉండగా, వాటిలో ఏది వెళ్ళిందో పద్యం చెప్పడం లేదు. ‘తనదు’ బదులు ‘చివరి’ అంటే గణం చెడదు, అర్థం కుదురుతుంది.

అంతకంటె ముఖ్యమైనది మూడవ పాదం. ఇచ్చిపుచ్చుకోవడమే బంధమని మన పిల్లలు అనుకోవడానికి ఇటువంటి వర్ణనలే కారణమని నా అభిప్రాయం. ఒక మోలు (సుమారు 23 గ్రాముల) సోడియం నుండి ఎలక్ట్రాన్లను లాగడానికి సుమారు 496 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి, క్లోరిన్ వాటిని గ్రహించినప్పుడు తిరిగి వచ్చేది 349 మాత్రమే. ఆ లోటును తీర్చేది, ధన, ఋణ అయానులు (ఎలక్ట్రానును కోల్పోయి గానీ పొంది గానీ ఆవేశం వచ్చిన పరమాణువులు) ఒకదానినొకటి ఆకర్షించుకొని, ఒక్కొక్కటి ఆరేసి విజాతి అయానుల నడుమ స్ఫటికంగా కుదురుకున్నప్పుడు వెలువడే దాదాపు 787 కిలోజౌళ్ళ శక్తి. అయానిక బంధమంటే ఆ ఆకర్షణే. అందువల్ల ‘గోరి’ని ‘గూడి’గా సవరిస్తే యతీ నిలుస్తుంది, బంధమూ పద్యంలోకి వస్తుంది:

క్లోరినద్ది గొనియెఁ గూడి యుప్పుగ మారె

రెండవ పూరణ:

ఆమ్ల మద్ది సోక హానియే, క్షారమ్ము
తానుఁ గాల్చు మేను, తగిన పాళ్ళ
రెండుఁ గలియ నుప్పు నిండు నీరయిపోయె
విషము విషము గలసి విందు సేసె

పరిశీలన: రెండవ పాదంలో యతి, మూడవ పాదంలో ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలవడం: రెండు, నిండు) చక్కగా పడ్డాయి. ‘తగిన పాళ్ళ’ అన్న మాట ఈ పద్యానికి ప్రాణం: 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడుకు 36.5 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు సరిపోయి, 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీరు వస్తాయి. ఆమ్లం పేరు మాత్రం తెలియాలి, ఎందుకంటే సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే వచ్చేది సోడియం సల్ఫేటు, అది వంటకు పనికిరాదు.

మూడవ పూరణ:

మొదట లోహ మున్న ముచ్చటౌ పేరులోఁ
దుదను క్లోరినద్ది తోక మార్చి
క్లోరయిడుగ నిలిచెఁ, గూరలోఁ బడినంత
విషము విషము గలసి విందు సేసె

పరిశీలన: నామకరణ సూత్రాన్ని తలకెత్తుకున్న పూరణ ఇదొక్కటే, అభినందనలు. కార్బన్ డైఆక్సైడు వంటి సమయోజనీయ పదార్థాలలో (ఎలక్ట్రాన్లను పంచుకొని ఏర్పడేవాటిలో) పరమాణువుల సంఖ్య పేరులో చెప్పాలి. అయానిక పదార్థాలలో అది అక్కరలేదు. కాల్షియం ఆవేశం ఎప్పుడూ రెండే కనుక, క్లోరిన్లు రెండున్నా కాల్షియం క్లోరైడనే అంటాము. ఇనుముకు రెండు, మూడు ఆవేశాలు రెండూ సాధ్యమే కనుక ఐరన్ (II) క్లోరైడు, ఐరన్ (III) క్లోరైడు అని విడదీసి చెప్పక తప్పదు.