తాయ్ చీలో ‘చీ’ తీసేస్తే ఏం పోతుంది?

గోడగడియారం: మా అమ్మకి 72 ఏళ్లు. ఇక్కడ న్యూజెర్సీలో తాయ్ చీ (మెల్లగా కదులుతూ చేసే చైనా కసరత్తు) క్లాసుకి తీసుకెళ్తున్నాను. ఒంట్లో ‘చీ’ అనే శక్తి పారుతుందట, యిన్–యాంగ్ సమతూకం తప్పితే జబ్బులట. ఈ కబుర్లు లేకుండా కసరత్తు ఒక్కటే నేర్పితే సరిపోదా?

వేపపుల్ల: భేషుగ్గా సరిపోతుందండీ. చైనా క్రీడా శాఖే 1956లో యాంగ్ వంశం పేరున్న తాయ్ చీ శైలిని (ఇది యిన్–యాంగ్‌లోని యాంగ్ కాదు) 24 కదలికలకి కుదించి జనానికి అందించింది. అమెరికాలో 70 దాటి, తూలిపడే ప్రమాదం ఉన్న 670 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరు నెలల్లో, స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే తాయ్ చీ చేసినవాళ్లు పడిపోవడం 58 శాతం తక్కువ. అక్కడ లెక్కపెట్టింది పడిపోవడాన్ని, చీని కాదు.

ఏటిగట్టు: అదే ట్రయల్‌లో మూడో గుంపూ ఉంది కదా వేపపుల్ల గారూ. బలానికి, బ్యాలెన్స్‌కి, దమ్ముకి కలిపి కసరత్తులు చేసినవాళ్లు. వాళ్ల కంటే కూడా తాయ్ చీ చేసినవాళ్లు పడిపోవడం 31 శాతం తక్కువ. ‘ఉత్త కసరత్తే’ అయితే ఈ తేడా ఎక్కడిది?
ఇంకోటి, పేరులోని ‘చీ’ ఆ శక్తి ‘చీ’ కాదు. చైనా భాషలో రెండూ వేర్వేరు అక్షరాలు. తాయ్ చీ అంటే అన్నిటికీ పై హద్దు అని. యిన్, యాంగ్ అంటే కొండకి నీడ పక్క, ఎండ పక్క. క్లాసులో అది కాళ్లలోకి దిగుతుంది. ఒక కాలు నిండు, ఒక కాలు ఖాళీ. మా మాస్టారు నా ముందు పాదం కింద కాగితం పెట్టి లాగేవారు. రాకపోతే “ఇంకా ఖాళీ కాలేదు” అనేవారు. నాకు రెండు నెలలు పట్టింది.

వేపపుల్ల: అంటే బరువు మార్చే సాధనేగా! ఆ 31 శాతం దాని ఖాతాలో వేయండి, చీ ఖాతాలో ఎందుకు? నా కోపం ఎక్కడంటే, ఒక గురువు “మీ చీ సర్దుకుంది” అని మా పెదనాన్న చేత బీపీ మాత్రలు మాన్పించాడు. నెల తిరక్కుండా ఆసుపత్రిలో పడ్డారు.

ఏటిగట్టు: అలాంటివాణ్ణి నేనూ వెనకేసుకురాను. మాత్రలు డాక్టరు చూసుకోవాల్సినవి. కానీ నిండు–ఖాళీ అన్న మాట తీసేసి “60 శాతం బరువు ఎడమ కాలి మీద” అంటే మీ పెదనాన్నకి ఎక్కేదా?

గోడగడియారం: ఇప్పుడే అమ్మ పాదం కింద కరెంటు బిల్లు పెట్టి లాగాను. చిరిగింది. “ఇంకో కాగితం తే” అంటోంది.