జెఫర్సన్ ఎందుకు ప్లేటు ఫిరాయించాడు?

ప్రశ్న:
అమెరికా అధ్యక్ష ఎన్నికలో, మెయిన్, నెబ్రాస్కా తప్ప, ఒక రాష్ట్రమంతటా ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులు) వాళ్ళకే. ఇది రాజ్యాంగంలోనే ఉందనుకునేవాణ్ణి. 1800లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన జెఫర్సన్ ఆ ఏడు జనవరి 12న తన సహచరుడు మన్రోకి రాసిన ఉత్తరం నిన్న చదివాను. జిల్లాకో ఎలక్టర్‌ని ఎన్నుకునే జిల్లాలవారీ పద్ధతే మేలంటూనే, పది రాష్ట్రాలు దాన్ని పాటించనప్పుడు మిగతా ఆరూ పాటించడం మూర్ఖత్వం అంటాడు. ఇదేం లెక్కండీ?

జవాబు 1:
నిజంగా లెక్కేనండీ. 1796 అధ్యక్ష ఎన్నికలో జాన్ ఆడమ్స్‌కి 71, జెఫర్సన్‌కి 68 (అప్పట్లో ఒక్కో ఎలక్టరూ రెండేసి ఓట్లు వేసేవాడు). వర్జీనియా, ఉత్తర కరొలైనా రెండూ జెఫర్సన్‌వే, కానీ జిల్లాలవారీగా ఎన్నుకోవడంతో చెరొక ఎలక్టరూ ఆడమ్స్‌కి వేశారు. ఆ రెండూ ఇటు తిప్పి చూడండి: జెఫర్సన్‌కి 70, ఆడమ్స్‌కి 69. 138 మంది ఎలక్టర్లలో గెలుపుకి కావలసింది సరిగ్గా 70! నేను కాగితం మీద వేసుకునేదాకా నమ్మలేదు. 1800కి వర్జీనియా రాష్ట్రమంతటికీ ఒకే లెక్క అనే పద్ధతికి మారిపోయింది, మొత్తం 21 ఓట్లూ జెఫర్సన్‌కే పడ్డాయి. అటు ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ కూడా ఊరుకోలేదు, ఎలక్టర్ల ఎంపికను చట్టసభకి అప్పగించింది.

జవాబు 2:
ఆడమ్స్ పార్టీ నాయకుడు హామిల్టన్‌ని వదిలేశారేం? ఆయన బాధ దీనికి తలకిందులు. 1800లో, ఎలక్టర్లని ఎంచే న్యూయార్క్ చట్టసభ ఎన్నికల్లో తనవాళ్ళు ఓడిపోగానే, మే 7న గవర్నర్ జాన్ జేకి ఉత్తరం రాశాడు: దిగిపోబోయే సభనే పిలిచి, జిల్లాలవారీ పద్ధతి పెట్టించమని. జే ఆ ఉత్తరం మీదే, ఇది పార్టీ ప్రయోజనం కోసం చెప్పిన పని, నాకు తగదు అని రాసి పక్కన పెట్టేశాడు. ఈ గొడవలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

ప్రశ్న వేసినవారు:
ఓహో! మరి సంస్కరణ గురించి మనస్ఫూర్తిగా రాసినవాళ్ళు లేరా?

జవాబు 1:
ఉన్నారు, పదవులు దిగిపోయాక. 1823 ఆగస్టు 23న, రాజ్యాంగ రచనలో పాల్గొన్న మాజీ అధ్యక్షుడు మాడిసన్, మన్రో అల్లుడైన జార్జ్ హేకి రాసిన ఉత్తరం చదవండి. రాజ్యాంగం రాసేటప్పుడు మనసులో ఉన్నది ప్రధానంగా జిల్లాల పద్ధతేనంటాడు. ఒక్కో ఎలక్టరూ మొదటి ఎంపిక, రెండో ఎంపిక రెండూ రాయాలని కూడా సూచించాడు. ఎవరికీ మెజారిటీ రాకపోతే ఇప్పట్లా ప్రతినిధుల సభలో రాష్ట్రానికో ఓటు కాదు, రెండు సభలూ కలిసి ఎన్నుకోవాలన్నాడు.

ఆ రాష్ట్రానికో ఓటు మీద జెఫర్సన్ కూడా అదే నెల 17న అదే హేకి రాశాడు. రాజ్యాంగంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన 'బ్లాట్' అదేనట, ఏదో ఒకరోజు దురదృష్టం దాన్ని కొట్టి తీరుతుందట. బ్లాట్ అంటే మచ్చే, కానీ పాచికలాటలో ఒంటరిగా చిక్కిన కాయని కూడా అలాగే అంటారు. కొట్టడం అన్నాడు కాబట్టి ఆయన మనసులో ఉన్నది కాయేనని నా అనుమానం. ఏడాదిన్నర తిరిగేసరికి, 1825 ఫిబ్రవరి 9న, 34 మంది సభ్యులున్న న్యూయార్క్‌కీ ఒక్కడున్న డెలావేర్‌కీ చెరో ఓటిచ్చి, 99 ఎలక్టర్లు వచ్చిన జాక్సన్‌ని పక్కనపెట్టి 84 వచ్చిన జాన్ క్విన్సీ ఆడమ్స్‌ని ఎన్నుకున్నారు. జెఫర్సన్‌కి అప్పటికి 81 ఏళ్ళు.